మాట పోయిన నెలల్లో సినమన్ రోల్స్

వేసవి సెలవుల్లో నా గొంతుకు ఆపరేషన్ అయింది. థైరాయిడ్ గ్రంథి ఒక పక్క నిమ్మకాయంత ఉబ్బి, అన్నం మింగినప్పుడల్లా అడ్డం తగిలేది. తీసేసిన గడ్డను పరీక్షకు పంపితే భయపడాల్సిందేమీ లేదని తేలింది. ఆ కబురు విని మా ఆయన కరీంనగర్ ఆస్పత్రి వరండాలో గోడకు ఆనుకుని అలాగే కూర్చుండిపోయారు. నాకు మాత్రం ఆ సంతోషం పూర్తిగా అందలేదు. అప్పటికి మూడు రోజులుగా నా నోట్లోంచి గాలి తప్ప ఇంకేమీ రావడం లేదు.

మత్తు వదిలిన రోజు నర్సును నీళ్లడిగాను. అడిగాననే అనుకున్నాను. పెదాలు కదిలాయి, ఊపిరి బయటికి వచ్చింది, మాట రాలేదు. సైకిల్ ట్యూబులోంచి గాలి పోతున్నట్టు ఒక చప్పుడు, అంతే. రెండోసారి, మూడోసారి ప్రయత్నించాను. పక్క మంచం దగ్గరున్న నర్సు వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"గొంతును కదిలించే నరం సరిగ్గా ఆ గ్రంథి వెనకాలే ఉంటది మేడం," అని డాక్టరు నెమ్మదిగా చెప్పాడు. "అది తెగలే. అలసిపోయింది. కొందరికి వారాలల్ల వస్తది, కొందరికి నెలలు పడ్తది."

"రాకుంటే?" అని మా ఆయన అడిగారు.

"మూడు నెలలు చూద్దాం."

ఆ 'చూద్దాం' అన్న మాటను ఇంటికి తెచ్చుకున్నాను. గుసగుసగా కూడా ఎక్కువ మాట్లాడొద్దన్నారు. నీళ్లు తాగేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించి, చెంచాడు చెంచాడు మింగమన్నారు. లేకపోతే నీళ్లు పొలమారి ఊపిరాడేది కాదు.

నేను టీచర్ని. ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ బళ్లలో సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. అరవై మంది పిల్లలు, కిటికీ అవతల రోడ్డు, పక్క గదిలో గోల. వీటన్నిటి మీదుగా మాట వినిపించడమే నా పని. పాఠం ఎంత బాగా చెబుతానో నాకు తెలియదు కానీ, నా గొంతు చివరి బెంచీ దాకా పోతుందని మాత్రం తెలుసు. అది లేకుండా నేను బడికి వెళ్లి ఏం చేయాలి? జూన్‌లో బడులు తెరిచారు. నేను సెలవు చీటీ రాసి పంపాను.

ఇంట్లో మేం ముగ్గురమే. కూతురు హైదరాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మా ఆయనకు గడియారం సెంటర్ దగ్గర కళ్లద్దాల దుకాణం ఉంది. పొద్దున పోతే మళ్లీ సాయంత్రమే. ఇక మిగిలింది నేను, మా అత్తమ్మ.

మా అత్తమ్మ ముప్పై ఏళ్లు సాంచాల మధ్య బతికింది. వాళ్ల ఊళ్లో పవర్‌లూమ్‌ను సాంచా అంటారు. ఒక రేకుల షెడ్డులో పన్నెండు సాంచాలు పొద్దంతా దడదడలాడుతుంటే, ఆమె ఒక మూల కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆ చప్పుడు ఆమె చెవుల్ని కొద్దికొద్దిగా తినేసింది. చెవి మిషన్ కొనిస్తే, అది కీచుమంటున్నదని తీసి డబ్బాలో పెట్టింది. టీవీ బొమ్మ చూసి కథ ఊహించుకుంటుంది. కొడుకు మాట సగం వినిపించదు. కానీ నా మాట వినిపించేది. పెళ్లైన కొత్తలోనే అనేది, "నీది టీచర్ గొంతు బిడ్డా, నీది ఒక్కటి నాకు మంచిగ ఇనబడ్తది" అని. అందుకే ఆమెకు ఊరి సంగతులన్నీ చెప్పేది నేనే. ఎవరి పెళ్లి కుదిరింది, ఎవరి ఇంట్లో దొంగలు పడ్డారు, రేపు వాన వస్తుందా, అన్నీ.

ఇప్పుడు ఆ ఇంట్లో ఒకరికి వినిపించదు, ఒకరికి మాట రాదు. ఆమెకు చదువు రాదు కాబట్టి రాసి చూపించేందుకూ లేదు. మా ఆయన దుకాణం నుంచి వచ్చాక నా గుసగుసలు విని, తల్లి చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పేవారు. పొద్దున కూరలో ఉప్పు తక్కువైందన్న సంగతి సాయంత్రం ఆరింటికి ఆమెకు చేరేది.

మా పుట్టిల్లు భైంసా. నేను అవ్వా అని పిలిచే మా అమ్మ అక్కడి నుంచి రోజూ ఫోన్ చేసేది. మాట రాని కూతురితో ఫోన్లో ఎలా మాట్లాడాలో ఆమే కనిపెట్టింది. "బాయీ, అవునంటే ఒకపారి కొట్టు, కాదంటే రెండుపార్లు కొట్టు," అని. నేను గోరుతో ఫోన్ మీద టక్కుమని కొట్టేదాన్ని. అన్నం తిన్నావా? టక్. నొప్పి ఉందా? టక్ టక్. ఇంకేమైనా చెప్పాలనుకుంటే దానికి ఏ లెక్కా లేదు. పదిహేను రోజులకు ఆమె కూడా అడిగిందే అడగడం మొదలుపెట్టింది.

పగటిపూట ఫోన్ చూసేదాన్ని. అందులో మనుషులు గలగలా మాట్లాడుతుంటే చూడబుద్ధయ్యేది కాదు. ఎవరు దేని గురించి మాట్లాడినా 'వీళ్లకు గొంతుంది' అనిపించేది. వెతికి వెతికి, ఎవరూ మాట్లాడని వీడియోలు పట్టుకున్నాను. అందులో మొహాలు ఉండవు. రెండు చేతులు, ఒక గిన్నె, పిండి. చేతులు పిండి పిసుకుతాయి, మూత పెడతాయి, తీసి చూస్తే పిండి రెండింతలై ఉంటుంది. అలాంటి వాటిలోనే సినమన్ రోల్స్ చూశాను. మెత్తటి పిండిని పలకలా ఒత్తి, వెన్న పూసి, దాల్చిన చెక్క పొడి, చక్కెర చల్లి, చాప చుట్టినట్టు చుట్టి, ముక్కలు కోసి కాలుస్తారు. ఎందుకో దాన్ని ఐదారుసార్లు చూశాను. చేయడానికి ఒక్క మాట కూడా అవసరం లేని పని.

పెద్దపల్లి బడి నుంచి బదిలీ అయినప్పుడు తోటి టీచర్లు నాకొక చిన్న ఓవెన్ కానుకగా ఇచ్చారు. నాలుగేళ్లుగా అందులో అప్పడాల డబ్బాలు పెట్టుకుంటున్నాను. డబ్బాలు తీసి, తుడిచి, వంటింటి బండ మీద పెట్టాను. అత్తమ్మ గడప దగ్గర నిలబడి చూసింది. "ఏం జేస్తున్నవే?" అంది. నేను చేతులతో ఏదో చూపించాను. ఆమెకు అర్థం కాలేదు. కాసేపు చూసి వెళ్లిపోయింది.

మొదటిసారి చేసినవి రాళ్లయ్యాయి. పాలు పొయ్యి మీంచి దించగానే అందులో ఈస్ట్ వేసి కలిపాను. రెండు గంటలు చూశాను, మూడు గంటలు చూశాను, పిండి పెట్టిన చోటే అలాగే ఉంది. పారేయడానికి మనసొప్పక కాల్చాను. మా ఆయన ఒకటి కొరికి, దవడ పట్టుకుని, "మంచిగనే ఉన్నయి," అన్నారు. అత్తమ్మ మాత్రం చాయ్‌లో నానబెట్టుకుని రెండు తినేసింది.

మరుసటి రోజు మా గల్లీ చివరి బేకరీకి వెళ్లాను. అది నడిపే పెద్దాయనకు గోరింటాకు పెట్టిన గడ్డం, పిండి అంటిన బనీను. నేను బడికి పోయేటప్పుడు రోజూ ఆ దుకాణం ముందు నుంచే పోతాను కానీ, ఎప్పుడూ ఆగి మాట్లాడింది లేదు.

"ఏం గావాలె బేటా?"

ఫోన్లో 'ఈస్ట్' అని తెలుగులో రాసి చూపించాను. ఆయన ఫోన్‌ను దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసి, "అద్దాలు ఇంట్ల మర్చిన," అన్నాడు. అక్కడున్న పావ్ ఒకటి చేత్తో పట్టుకుని, చిన్నదిగా ఉన్నది పెద్దదిగా పొంగినట్టు రెండు చేతులతో చూపించాను. ఆయన మొహం విప్పారింది.

"ఓ, ఖమీరా!"

లోపలికి వెళ్లి ఒక కాగితం పొట్లంలో గోధుమ రంగు ఈస్ట్ పలుకులు పోసుకొచ్చాడు. నేను పుట్టు మూగనని అనుకున్నట్టున్నాడు. మూగవాళ్లకు వినిపించదని కూడా అనుకున్నాడేమో, ఒక్కొక్క మాటా విడదీసి, గట్టిగా, చేతులు తిప్పుతూ చెప్పాడు.

"పాలు... గోరువెచ్చగ... ఉండాలె. వేలు పెడితే... సుర్రుమనొద్దు. మన పాణానికి ఎంత వేడో... దానికి గంతే. అది గూడ... పాణమున్నదే!"

నేను తల ఊపాను. నేను మూగదాన్ని కాను, నాకు వినిపిస్తుంది అని ఎలాగైనా చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఇంటికి వస్తూ దారిలో అనిపించింది, ఇక ముందు అందరూ నాతో ఇలాగే మాట్లాడతారేమో, ఇదే ఖాయమేమో అని. పొట్లం ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజులు దాని జోలికి పోలేదు.

ఐదో రోజు పొద్దున మా ఆయన దుకాణానికి వెళ్లిన కాసేపటికి, అత్తమ్మ తన గదిలోంచి గుడ్డ సంచితో బయటికి వచ్చింది. సంచిలో రెండు చీరలు, బీపీ గోలీల డబ్బా, దువ్వెన. చెప్పులు వేసుకుంటోంది.

ఏమిటని చేత్తో అడిగాను.

"నేను బిడ్డ కాడికి పోత," అంది నా మొహం చూడకుండా. "కొన్నొద్దులు గాడనే ఉంట."

ఆమె కూతురు ఉండేది ఆ సాంచాల ఊళ్లోనే. బస్సెక్కితే గంట ప్రయాణం. కానీ ఒంటరిగా ఆమె బస్సెక్కి ఏళ్లయింది. కండక్టర్ ఏమన్నా వినిపించదు. నేను వెళ్లి తలుపుకు అడ్డం నిలబడ్డాను. ఎందుకు అన్నట్టు చెయ్యి తిప్పాను.

అప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది.

"నీకు నా మీద కోపమున్నది. నాకు తెల్వదనుకుంటున్నవా? నా కొడుకుతోటి పెదవులు ఆడిచ్చుకుంట మాట్లాడ్తవ్. ఆడు తలకాయ ఊపుతడు. ఇద్దరు నవ్వుకుంటరు. నా దగ్గరికి వస్తే ఒక్క మాట మాట్లాడవ్. నేనేం తప్పు జేసిన్నో చెప్తే పాయె గదా! రెండు నెలలాయె, నోరు తెరిస్తలేవు నా తోటి."

అసలు సంగతి నాకు అప్పుడు అర్థమైంది. ఆపరేషన్ అయిన కొత్తలో మా ఆయన ఆమెకు చెప్పారు, నా గొంతు పోయిందని. ఆమెకు వినిపించింది 'గొంతు నొప్పి' అని. నొప్పి ఎన్ని రోజులుంటుంది? వారం. పది రోజులు. ఆ తర్వాత కూడా కోడలు మాట్లాడడం లేదంటే అది కోపమే. నేను గుసగుసగా కొడుకుతో మాట్లాడేది ఆమె కళ్లకు మామూలు మాటలాగే కనిపిస్తోంది. ఆమెకు వినిపించకపోవడం ఆమెకు కొత్త కాదు కాబట్టి, అక్కడ అసలు శబ్దమే లేదన్న అనుమానం రాలేదు. ఇంత చిన్న సంగతి మా ఆయనకూ నాకూ తట్టలేదు. ఆమె రెండు నెలలు ఆ బాధను మోసింది.

ఎలా చెప్పాలో తోచలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, ముందు ఆమె గొంతు మీదే పెట్టాను. మాట్లాడమని సైగ చేశాను.

"ఏందే గిది? ఏం మాట్లాడాలె?" అంది. అంటుంటే తన వేళ్ల కింద గొంతు అదరడం ఆమెకు తెలిసింది. ఆగి నా వైపు చూసింది.

తర్వాత అదే చెయ్యిని నా గొంతు మీద, ఆపరేషన్ గాటుకు కాస్త పైన పెట్టాను. నాకున్న బలమంతా కూడదీసుకుని "అత్తమ్మా" అన్నాను. మళ్లీ అన్నాను. మెడ నరాలు బిగిశాయి. ఆమె వేళ్ల కింద ఏదీ కదల్లేదు.

అత్తమ్మ చెయ్యి తీయలేదు. ఇంకా గట్టిగా ఆనించి చూసింది. చెప్పులతోనే కింద కూర్చుంది.

"కదుల్తలేదు గదనే," అంది. "మొత్తానికే కదుల్తలేదు. కరెంటు పోతే సాంచాలు బందైనట్టు బందైంది." చెప్పులు విప్పి, "నాకు ఎవ్వలు చెప్పలే బిడ్డా," అంది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఏడ్చాం. ఆమె ఏడుపు వినిపించింది, నాది వినిపించలేదు. కానీ ఆ రోజు ఎంత తేలిగ్గా అనిపించిందో చెప్పలేను. గొంతు రాలేదు, ఏదీ మారలేదు, ఐనా గుండెల మీంచి ఒక బండ దిగినట్టయింది. మధ్యాహ్నం నేను చూస్తుండగానే ఆమె సంచిలోని చీరలు తీసి మళ్లీ దండెం మీద వేసింది.

మరునాడు ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. ఆ రోజు కూడా దుకాణం ఉందని మా ఆయన వెళ్లారు. ఫ్రిజ్‌లోంచి ఖమీర్ పొట్లం తీసి అత్తమ్మకు చూపించాను. ఫోన్లో వీడియో పెట్టి ఆమె చేతికిచ్చాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూసింది. ఆ వీడియోలో వినాల్సింది ఏమీ లేదు కాబట్టి, నాకెంత అర్థమైందో ఆమెకూ అంతే అర్థమైంది.

"పాలు ఎచ్చబెట్టు," అని లేచింది.

పాలలో వేలు పెట్టి చూసింది. నన్నూ పెట్టమంది. ఇద్దరం సరేననుకున్నాక అందులో చక్కెర, ఖమీర్ వేశాను. పది నిమిషాల్లో పైన నురుగు తేలింది. సన్నగా చిటపట కూడా వినిపించింది నాకు. మైదా, వెన్న, కొంచెం ఉప్పు వేసి కలిపితే పిండి చేతులకు బంకలా అంటుకుంది.

"గింత పల్చగనా? చపాతి పిండి గాదా గిది?" అని అత్తమ్మ నన్ను పక్కకు జరిపి తాను చేయి పెట్టింది. ఆమె చేతుల బలం నాకు లేదు. బండ మీద వేసి మడిచి, నొక్కి, తిప్పి, పావుగంటలో దాన్ని పసిపిల్ల బుగ్గలా చేసింది. గిన్నెలో పెట్టి, తడిగుడ్డ కప్పి, బియ్యం డబ్బా మీద పెట్టాం. ముసురు రోజు కదా, రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో ఆమె నాలుగుసార్లు గుడ్డ ఎత్తి చూసింది. నాలుగోసారి నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. పిండి గిన్నె అంచు దాకా వచ్చి ఉంది. వేలితో పొడిస్తే మెల్లగా గుంట పడి, మెల్లగా పూడింది.

"పాణమొచ్చింది దీనికి," అంది.

చపాతీ కర్రతో పలకలా ఒత్తాను. వెన్న పూసి, దాల్చిన చెక్క పొడి, బెల్లం తురుము కలిపి చల్లాను. ఆ వాసనకు అత్తమ్మ మొహం చిట్లించింది. "తీపిల దాల్చిన చెక్క ఏస్తరానే? నాకు బగార అన్నం యాదికొస్తుంది." చుట్టడం ఇద్దరం కలిసి చేశాం. ఆమె ఆ కొస, నేను ఈ కొస. కోయబోతే కత్తి కింద పిండి నలిగి, చుట్టంతా చప్పిడిగా అయింది. వీడియోలో వాళ్లు దారంతో కోశారు. ఆ సంగతి అత్తమ్మకు నాకంటే ముందే గుర్తొచ్చింది. లోపలికి వెళ్లి తన పెట్టెలోంచి ఒక దారపు కండె తెచ్చింది. మూర పొడుగు తెంపి, వేడినీళ్లలో కడిగి, రెండు చేతుల వేళ్లకు చుట్టుకుని, చుట్ట కిందికి పోనిచ్చి, పైన మెలివేసి లాగింది. ముక్క గుండ్రంగా, లోపలి మెలికలు చెదరకుండా వచ్చింది. పన్నెండు ముక్కలు, అన్నీ ఒకే మందం. కొలత చూసుకోలేదు, నా వైపూ చూడలేదు. చివరి ముక్క పళ్లెంలో పెట్టాక మాత్రం చెయ్యి నడుముకు పెట్టుకుని నిలబడింది.

ఇంకో అరగంట పొంగనిచ్చి ఓవెన్లో పెట్టాం. అద్దంలోంచి చూస్తుంటే అవి ఒకదాన్నొకటి ఆనుకుని ఉబ్బుతున్నాయి. ఇల్లంతా వెన్న, బెల్లం, దాల్చిన చెక్క కలిసిన వాసన. అంతలో వాన జోరందుకుంది. బయట వసారాలో బట్టలున్నాయి. నేను తీయడానికి పరిగెత్తాను.

బుట్ట నిండా బట్టలతో వెనక్కి వస్తుంటే, వంటింటి గడప అవతల అత్తమ్మ కనిపించింది. రోల్స్ పైన ఎర్రబడడం చూసిందో ఏమో, ఓవెన్ తలుపు తెరిచింది. తడి చీర కొంగును చేతికి రెండు చుట్లు చుట్టుకుని, కాలిపోతున్న పళ్లేన్ని పట్టుకోవడానికి లోపలికి చెయ్యి చాపుతోంది.

"అత్తమ్మా! ముట్టకు! కాల్తది!"

ఆమె చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. తిరిగి నా మీద కసురుకుంది.

"ఎందుకే గట్ల ఒర్రుతవ్? నాకేమన్న చెవుడా?"

నేను బుట్ట వదిలేశాను. బట్టలన్నీ తడి నేల మీద పడ్డాయి. ఆమె నన్ను, కింద పడ్డ బట్టల్ని మార్చి మార్చి చూసింది. తర్వాత ఆమె నోరు తెరుచుకుంది. ఏం జరిగిందో ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఎవరం కదల్లేదు. కదిలితే పోతుందేమోనన్న భయం.

"ఇంకోపారి అను బిడ్డా," అంది మెల్లగా.

నాకు భయమేసింది. అది కేక కాబట్టి వచ్చిందేమో, మళ్లీ రాదేమో. మింగాను. "అత్తమ్మా," అన్నాను. బొంగురుగా, సగం గాలి, సగం మాట. చివరి అక్షరం చీలిపోయింది.

ఆమె దగ్గరికి వచ్చి తన చెవి నా నోటి దగ్గర పెట్టింది. "ఇంకోపారి."

"అత్తమ్మా."

"ఇనబడ్డది," అంది. "ఇనబడ్డదే!" నా రెండు చెంపలూ పిండి చేతులతో పట్టుకుంది. "అమ్మా నా బిడ్డకు మాటొచ్చింది," అని ఇంట్లో ఇంకెవరూ లేకపోయినా గట్టిగా చెప్పింది.

మాడు వాసన వచ్చేదాకా ఓవెన్ సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. తీసి చూస్తే ఓ మూలనున్న నాలుగు పైన నల్లబడ్డాయి. మిగతావి బాగున్నాయి. విప్పితే పొరలు పొరలుగా, మెత్తగా, మధ్యలో బెల్లం పాకం కారుతూ. అత్తమ్మ మొదట మాడినవే తీసుకుంది. అవెందుకని అడిగితే, "నీకు మంచియి ఉండాలె," అంది. రెండోది తింటూ, "దాల్చిన చెక్క తీపిల గూడ పనికొస్తదన్నట్టు," అని ఒప్పుకుంది.

సాయంత్రం మా ఆయన తడిసి వచ్చారు. తల తుడుచుకుంటూ, అలవాటు ప్రకారం తల్లి చెవి దగ్గరికి వంగి, "అవ్వా, తిన్నవా?" అన్నారు.

"తిన్నది. నాలుగు తిన్నది," అన్నాను వెనక నుంచి.

ఆయన ముందు టీవీ వైపు చూశారు. అది ఆపి ఉంది. కిటికీ వైపు చూశారు. తర్వాత తువ్వాలు తల మీద అలాగే ఉండగా నా వైపు తిరిగారు. అత్తమ్మ పగలబడి నవ్వుతోంది. ఆయన నవ్వలేదు. కుర్చీలో కూర్చుని, ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని చాలాసేపు తీయలేదు. నేను వెళ్లి ఆయన భుజం మీద చెయ్యి వేశాను. "పరేషాన్ అయిన," అన్నారు తువ్వాలు వెనక నుంచి. "నీకు చెప్పలే గని, మస్తు పరేషాన్ అయిన." రెండు నెలలుగా ఆయన నా ముందు ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

భైంసాకు ఫోన్ చేశాను. అవ్వ ఎత్తగానే మొదలుపెట్టింది, "బాయీ, అన్నం తిన్నవా? ఒకపారి కొట్టు," అని. నేను కొట్టలేదు. "తిన్న అవ్వా," అన్నాను. అటు నుంచి ఫోన్ ఎక్కడో పడిన చప్పుడు, దూరంగా ఎవరినో పిలుస్తూ ఆమె పరిగెత్తుతున్న అడుగులు. ఐదు నిమిషాలు ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను. వీధిలో సగం మందికి చెప్పి వచ్చాక గానీ ఆమెకు నేను లైన్లో ఉన్నానన్నది గుర్తు రాలేదు.

మరుసటి రోజు రెండు రోల్స్ కాగితంలో చుట్టుకుని బేకరీకి వెళ్లాను. పెద్దాయన నన్ను చూసి మళ్లీ చేతులు ఎత్తి, గట్టిగా, "మంచిగ... పొంగిందా?" అన్నాడు.

"పొంగింది చాచా," అన్నాను. "మీ ఖమీర్‌తోనే చేసిన."

ఆయన చేతులు గాలిలోనే ఆగాయి. "అరె, మాట్లాడ్తున్నవే!" ఆపరేషన్ సంగతి చెప్పాను. చెబుతుంటే గొంతు రెండుసార్లు జారిపోయింది, మళ్లీ అందుకున్నాను. ఆయన తల పట్టుకుని, "మూగ పిల్లనుకుని నేను గంత ఒర్రితి, తప్పాయె బేటా," అని ఒకటే నవ్వు. రోల్ విప్పి, లోపలి పొర వేలితో నొక్కి చూసి, కొరికి నమిలాడు. "మంచిగుంది. జరంత సేపు ఇంకా పొంగనియ్యాలె. తొందరపడ్డవ్." తొందరపడలేదు, ఎదురుచూసీ ఎదురుచూసీ అలసిపోయామని అనాలనిపించింది.

గొంతు ఒక్కరోజులో మామూలైపోలేదు. పొద్దున ఉన్న గొంతు సాయంత్రానికి ఉండేది కాదు. తొమ్మిదో తరగతి మగపిల్లల గొంతులా మాట మధ్యలో పైకి ఎగిరి కిందికి పడేది. ఒకరోజు అస్సలు రాకపోతే మళ్లీ పోయిందని ఏడ్చాను. మర్నాడు వచ్చింది. ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి, "ఈ... అనండి మేడం," అన్నాడు. నేను 'ఈ' అంటుంటే ఆయన తెర వైపు చూస్తూ ముందుకు వంగాడు. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"కదుల్తుంది," అన్నాడు డాక్టరు. "రెండు దిక్కులా కదుల్తుంది. ఇంక పూర్తిగ బలం రాలే గని, వస్తది. ఫికర్ చెయ్యకుండ్రి." మునుపటిలా పెద్దగా అరిచి పాఠం చెప్పొద్దని, ఇంకో నెల సెలవు పొడిగించమని, తర్వాత అవసరమైతే మెడకు తగిలించుకునే చిన్న మైకు వాడమని చెప్పాడు. మెట్లు దిగుతూ మా ఆయన ఆ మాటలన్నీ నాకు మళ్లీ చెప్పారు, నేను అక్కడ లేనట్టు. నేను విన్నాను.

బయట ఎండ వచ్చింది. రోడ్డు మీద నీళ్లింకా ఆరలేదు. ఆటో కోసం మా ఆయన చెయ్యి ఎత్తబోయారు. నేను ఆయన చెయ్యి కిందికి దించాను.

"ఆటో!"

గొంతు చీలింది. ఆటో ఆగకుండా పోయింది. ఇంకొకటి వస్తోంది. ఊపిరి తీసుకుని, మళ్లీ పిలిచాను. డ్రైవర్ తల తిప్పి చూసి, రోడ్డు పక్కకు తీసి ఆపాడు.

"యాడికమ్మా?" అన్నాడు.

మా ఆయన నోరు తెరవలేదు. నేనే చెప్పాను.